మూడో రోజు ఆ ఇంటికి పోదాం

(కుమ్రం భీం వర్ధంతి సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో మా సంఘం విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఆశ్వయుజ పౌర్ణమి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన రోజుగా మనం పాటించేది ఈ పౌర్ణమినే. ఈ వేదిక మీద ఏటా జల్, జంగల్, జమీన్ గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. ఈసారి మా విద్యా కమిటీకి ఇచ్చిన సమయంలో మాత్రం చిన్నగా కనిపించే ఒక సంగతి మీ ముందు పెడతాం. అది పిల్లల హాజరు. ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా మన పిల్లలు ఎన్ని రోజులు బడికి పోతున్నారు, ఎన్ని రోజులు పోవడం లేదు, పోని రోజు ఎవరన్నా వచ్చి అడుగుతున్నారా అన్నదే ఆ సంగతి.

ఈ రోజే ఎందుకు అంటారా? దసరా సెలవులు ఇప్పుడే అయిపోయాయి. ఆశ్రమ పాఠశాలల గేట్లు తెరిచారు. కానీ కొందరు పిల్లల రేకు పెట్టెలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. చేలలో పత్తి పగులుతోంది. ఇక దండారి మొదలవుతుంది, దీపావళి దాటి కొలబోడి దాకా సాగుతుంది. ఈ రోజు నుంచి సంక్రాంతి దాకా ఉన్న మూడు నెలలే మన దగ్గర పిల్లలు బడి నుంచి జారిపోయే కాలం. అందుకే మాట ఈ రోజే చెప్పాలనుకున్నాం.

బడి మనకు ఎట్లా వచ్చిందో ముందు గుర్తు చేసుకుందాం. జోడేఘాట్ పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వానికి గోండుల కష్టం ఏమిటో తెలుసుకోక తప్పలేదు. ఆ పని మీద వచ్చిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో అక్కడే గోండు యువకులను టీచర్లుగా తయారు చేసే శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు రాయించారు. సేతు మాధవరావు పగిడి లాంటి అధికారులు మన భాష నేర్చుకుని ఆ పనిలో నిలబడ్డారు. మొదట ఇంటి భాషలో అక్షరాలు, తర్వాత మరాఠీ, ఉర్దూ. చెప్పే మనిషి మనవాడు, చెప్పే భాష మనది. అక్షరం తెలియని గూడెంలో బడి ఆ తీరుగా మొదలైంది. భీం చనిపోయిన మూడేళ్లకు వచ్చిన బడి అది. ఎవరో దయతలచి ఇచ్చిందని మనం అనుకోనక్కర్లేదు. దాని వెనక జోడేఘాట్‌లో పోయిన ప్రాణాలున్నాయి. మార్లవాయిలో ఈనాటికీ ఎంతోమంది టీచర్లు, ఉద్యోగులు ఉన్నారంటే దాని మొదలు అక్కడుంది.

తర్వాత ఏమైంది? రాష్ట్రాలు మారాయి, బడి భాష మారింది. ఆ గోండి వాచకాలు బళ్లలోంచి పోయాయి. బడులు మాత్రం పెరిగాయి. గూడెంలో గిరిజన ప్రాథమిక పాఠశాల, మండలంలో ఆశ్రమ పాఠశాల, పట్నంలో గురుకులం వచ్చాయి. పుస్తకాలు ఉచితం, భోజనం ఉచితం, బట్టలు ఉచితం. మా తాతల కాలంలో బడి లేక చదువు రాలేదు. ఈనాడు బడి ఉంది, హాజరు పట్టీలో పిల్లవాడి పేరు ఉంది, పిల్లవాడు మాత్రం చేనులో ఉన్నాడు. ఇది కొత్త రకం కష్టం. దీనికి ధర్నా చేస్తే సరిపోదు.

ఒక లెక్క చెబుతాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏడాదికి ఒకటి నుంచి ఐదు తరగతులకు 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు బడి నడవాలని అందులో ఉంది. అమెరికాలో బడుల లెక్క చూసేవాళ్లు ఒక గీత గీసుకున్నారు. ఏడాదిలో పదో వంతు రోజులు మానేసిన పిల్లవాడిని ప్రమాదంలో ఉన్నవాడిగా లెక్కిస్తారు. జ్వరం వచ్చి మానాడా, పని మీద మానాడా అని చూడరు. కారణం ఏదైనా పాఠం పోయింది పోయినట్టే. ఆ గీత మన దగ్గర గీస్తే 220లో 22 రోజులు. అంటే నెలకు రెండు రోజులు, కొన్ని నెలల్లో మూడు. అంతే.

ఇప్పుడు ఆరో తరగతి చదివే మన పిల్లవాడిని ఒకణ్ణి తీసుకోండి. ఇది ఏ ఒక్కరి లెక్కా కాదు, మన గూడేల్లో జరిగే తీరును బట్టి మేము వేసిన అంచనా. జూన్‌లో హాస్టల్ తెరిచాక విత్తనాల పని ఉందని ఆలస్యంగా పోయింది 6 రోజులు. వానాకాలం జ్వరం 5. పోలాల పండుగకు వచ్చి ఉండిపోయింది 2. దసరా సెలవుల తర్వాత ఆలస్యం 4. దండారికి 7. పత్తి ఏరడానికి 6. పుష్యమాసంలో జంగుబాయి, నాగోబా జాతరలకు 3. మొత్తం 33 రోజులు. దీంట్లో ఏ ఒక్కటీ పెద్ద తప్పు కాదు. తల్లిదండ్రులను అడిగితే "మావాడు బడికి పోతనే ఉన్నడు" అంటారు. అబద్ధం కాదు. కానీ నెలన్నర చదువు పోయింది. గుణకారం చెప్పిన రోజు వాడు లేడు. భాగాహారం చెప్పిన రోజు ఉన్నాడు, అర్థం కాలేదు. అర్థం కాని చోట ఎవరన్నా ఎన్నాళ్లు కూర్చుంటారు?

మేము ఈ రోజు చెప్పదలుచుకున్న మాట ఇదే. మన దగ్గర ఏ పిల్లవాడూ ఒక్క రోజులో బడి మానడు. రెండు రోజులు, నాలుగు రోజులు, వారం, అట్లా మానుతూ మానుతూ ఒకనాడు ఇక పోడు. ఆఖరి రోజును మనం "బడి మానేశాడు" అని రాసుకుంటాం. అసలు మొదలైంది మొదటి రెండు మూడు రోజుల్లోనే. పట్టుకోవలసింది అక్కడ.

కారణాల్లోకి పోదాం. మొదటిది భాష. ఒకటో తరగతిలో కూర్చున్న గోండు పిల్లకు నీళ్ల బొమ్మ చూపిస్తారు. ఆమె "ఏర్" అంటుంది. మన భాషలో నీళ్లంటే అదే కదా. గోండి రాని టీచరుకు అది "ఏరు" అని వినిపిస్తుంది. "ఏరు కాదమ్మా, నీళ్లు అనాలి" అంటాడు. ఆయన తప్పు లేదు, ఆ పిల్ల తప్పు అసలే లేదు. కానీ తెలిసిన జవాబు చెప్పి తప్పు అనిపించుకున్న పిల్ల రెండోసారి నోరు తెరవదు. కోలామ్ పిల్ల "ఈర్" అంటుంది, ఆమెదీ అదే గతి. నోరు తెరవని పిల్లకు బడి మీద మనసు ఎందుకుంటుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోలామి, కోయతో సహా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చారు. ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకుపోయే పద్ధతి అది. మంచి పద్ధతి, గట్టిగా నిలబడలేదు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పోరాటం వేరుగా నడుస్తుంది, నడవాలి. కానీ జీవో వచ్చేదాకా ఆ ఒకటో తరగతి పిల్ల ఆగదు. ఆమె ఈ జూన్‌లో చేరింది, వచ్చే జూన్‌కు రెండో తరగతికి పోతుంది.

రెండోది పత్తి. ఈ మాట కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నాయకపోడు సోదరులకు ఇంకా బాగా తెలుసు. వాళ్ల పిల్లలకు ఇంట్లోనూ తెలుగే, భాష అడ్డం కాదు. అయినా బడి మానుతున్నారు. ఎందుకు? పత్తి ఏరే కూలి రోజు లెక్కన కాదు, కిలోల లెక్కన ఇస్తారు. రోజు కూలి అయితే చిన్నపిల్లను ఎవరూ పిలవరు. కిలో లెక్క అయితే పదేళ్ల పిల్ల ఏరిన నాలుగు కిలోలు కూడా తల్లి సంచిలోనే కలుస్తాయి. అక్కడ పిల్ల చేతికి విలువ వచ్చింది. చేనుకు పోని పిల్ల ఇంట్లో చంటిబిడ్డను చూస్తుంది. మగపిల్లవాడు రెండు రోజులు పోతే ఆడపిల్ల పది రోజులు పోతుంది. ఆ పది రోజులు హాజరు పట్టీలో కనిపిస్తాయి, ఇంట్లో ఎవరికీ కనిపించవు.

పెద్దపల్లి చుట్టూ ఇటుక బట్టీలకు పడమటి ఒడిశా నుంచి ఏటా కుటుంబాలు వస్తాయి. వాళ్లలో ఆదివాసులూ ఉన్నారు. పత్తి పగిలే కాలానికి వచ్చి వానలకు ముందు తిరిగి పోతారు. ఆ పిల్లలకు అక్కడ సగం ఏడాది పోయింది, ఇక్కడి తెలుగు బడి అర్థం కాదు. వాళ్ల కోసం ఒడియా చెప్పే టీచర్లను పెట్టి బట్టీల దగ్గరే బడులు నడిపిన అనుభవం మన పక్కనే ఉంది. పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లలకు వాళ్ల భాషలో బడి పెట్టగలిగినప్పుడు, మన గూడెంలో మన పిల్లలకు పెట్టలేమా అని మేము అడుగుతున్నాం.

మూడోది దండారి. ఇక్కడ మేము జాగ్రత్తగా మాట్లాడాలి. గుస్సాడీ టోపీ పెట్టుకుంటే అది వేషం కాదు, ఏత్మాసూర్ పేన్ మన ఇంటికి వచ్చినట్టు. దండారి కట్టి పక్క గూడేలకు పోవడం, గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకో దర్శనం చేసుకోవడం మన పిల్లలు నేర్చుకోవలసిన చదువే. మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్య ఏ బడిలోనూ చెప్పరు. అందుకని పండుగ మానుకోండి అని మేము చెప్పడం లేదు, ఎన్నటికీ చెప్పం. కానీ బడి వాళ్ల క్యాలెండర్ చూడండి. దసరాకు చాలా రోజులు, సంక్రాంతికి కొన్ని రోజులు సెలవులు. దండారి నడిచే రోజుల్లో దీపావళికి ఇచ్చేది ఒక్క రోజు. మన పండుగకు పోయిన పిల్లవాడు వాళ్ల లెక్కలో గైరుహాజరు. పిల్లవాడు తప్పు చేశాడా, క్యాలెండర్ తప్పు చేసిందా?

దీనికి దారి చట్టంలోనే ఉంది. విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ చదవండి. బడి క్యాలెండర్ నిర్ణయించడం స్థానిక సంస్థ బాధ్యతల్లో ఒకటని రాసి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం బలం ఇచ్చింది. రెండు రోజులో మూడు రోజులో దండారికి జరపండి, ఆ రోజులు వేరే చోట పూడ్చండి అని గ్రామసభ తీర్మానం చేసి, సర్పంచ్ ద్వారా మండల విద్యాధికారికి, ఐటీడీఏకు ఇవ్వడానికి ఏం అడ్డం? గట్టిగా అడిగితే దారి దొరుకుతుంది. అడగకుండా పిల్లలను మాన్పించడం మాత్రం మనకు అలవాటైపోయింది.

నాలుగోది వాగు, జ్వరం. వానాకాలంలో గుట్ట మీది కోలామ్ గూడేల నుంచి దిగే తొవ్వ మీకు తెలుసు. వాగు పొంగితే పిల్లలు పోలేరు, టీచరు రాలేడు. టీచరు రాని రోజు గురించి కూడా మనం మాట్లాడాలి. పిల్లలు రావడం లేదని టీచరు, టీచరు రావడం లేదని తల్లిదండ్రులు, ఇట్లా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ బడి తలుపుకు తాళం పడుతుంది. ఇక హాస్టల్లో పిల్లలకు జ్వరమో, తిండి పడకపోవడమో జరిగిందని వార్త వస్తే చుట్టుపక్కల గూడేల తల్లులంతా వెళ్లి పిల్లలను తెచ్చుకుంటారు. తల్లి భయం న్యాయమైనదే. కానీ అట్లా వచ్చిన పిల్లలను తిరిగి పంపడం ఎవరి పని? ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఐదోది ఐదు నుంచి ఆరుకు పోయే మెట్టు. గూడెం బడి ఐదుతో అయిపోతుంది. ఆరుకు ఊరు దాటాలి, హాస్టల్లో ఉండాలి. ఇంటి మీద బెంగతో నెల తిరగకుండానే వెనక్కి వచ్చే పిల్లలు ఎక్కువ. ఎనిమిదిలో ఆడపిల్లలకు ఇంకో మెట్టు. పెద్దమనిషి అయిన పిల్లను ఇంటికి తెస్తారు, పది రోజులు అనుకుంటారు, తర్వాత పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. ఎవరు ఎప్పుడు జారుతారో మనకు ముందే తెలుసు. మెట్టు ఎక్కడుందో తెలిసినప్పుడు అక్కడ నిలబడి చెయ్యి పట్టుకోవచ్చు.

మా కమిటీలో ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాం. బడి పేరు అవసరం లేదు. ఏడో తరగతి చదివే పిల్ల, ఇంట్లో నానమ్మకు బాగాలేక పద్నాలుగు రోజులు ఉండిపోయింది. పదిహేనో రోజు తండ్రి సైకిల్ మోటార్ మీద దింపి వచ్చాడు. క్లాసులో అందరి ముందు "ఇన్ని రోజులు ఎక్కడ పోయినవ్, నీకు చదువెందుకు, పత్తి ఏరుకో పో" అన్నారట. పిల్ల ఏమీ అనలేదు. సాయంత్రం దాకా కూర్చుంది. మరుసటి శుక్రవారం ఇంటికి వచ్చింది, మళ్లీ పోలేదు. తండ్రికి కారణం రెండేళ్ల తర్వాత తెలిసింది. ఇప్పుడామె పెండ్లయి పోయింది. పిల్లలను కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా కూడదని అదే చట్టం పదిహేడో సెక్షన్‌లో ఉంది. మాకు అప్పుడు తెలియదు. తెలిసినా ఆ పిల్లను ఎవరూ అడగలేదు కదా. పద్నాలుగు రోజుల్లో గూడెంలో అంతమంది యువకులం ఉన్నాం, ఒక్కరమన్నా "అమ్మా, బడికెందుకు పోవట్లేదు" అనలేదు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకుందాం, ఇది మా సంఘానిదే. పెద్దవాళ్లు ఎవరన్నా వస్తున్నారంటే స్వాగతం పలకడానికి పిల్లలతో డ్యాన్స్ కట్టించాం. ఉదయం నుంచి ఎండలో నిలబెట్టాం. అది బడి రోజు. రిహార్సల్‌కు రెండు రోజులు, కార్యక్రమానికి ఒక రోజు. సంస్కృతి పేరు మీద మేమే పిల్లలను బడి మాన్పించాం. పది పాసైనవాళ్లకు శాలువాలు కప్పాం, ఆరులో ఆగిపోయినవాళ్ల పేర్లు మా దగ్గర ఒక్క కాగితం మీద కూడా లేవు. ఈ రోజు ఈ వేదిక మీద మాట ఇస్తున్నాం. ఇకమీద మా సంఘం పిల్లలతో చేసే ఏ కార్యక్రమమైనా సెలవు రోజే పెడతాం. బడి రోజున ఎవరు అడిగినా పిల్లలను పంపం.

ఇప్పుడు మీరు చేయవలసింది. పెద్ద పని కాదు, చెప్తే నవ్వుతారేమో. గూడెంకు ఇద్దరు చాలు, ఒక తమ్ముడు, ఒక చెల్లె. ఒక నోటు పుస్తకం కొనండి. మీ గూడెంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల పేర్లన్నీ రాయండి. బడి పట్టీలో రాసిన పేరు, ఇంట్లో పిలిచే పేరు రెండూ రాయండి. మన పిల్లల పేర్లు రిజిస్టర్లో ఎట్లా మారిపోతాయో మీకు తెలుసు. ఎవరు ఏ బడి, ఏ తరగతి, ఏ హాస్టల్ రాయండి. అరవై ఇండ్ల గూడెంకు ఒక పూట పని.

తర్వాత ఒక్కటే నియమం. పిల్లవాడు బడికి పోక మూడో రోజు అయితే, ఆ సాయంత్రం మీరు ఆ ఇంటి వాకిట్లో ఉండాలి. వారం తర్వాత కాదు, నెలకు కాదు. మొదటి రోజు ఎవరైనా మానుతారు, రెండో రోజు కూడా సరే. మూడో రోజు దాటితే పాఠం తప్పిపోతుంది, సిగ్గు మొదలవుతుంది. సిగ్గు ముదరకముందే మనం పోవాలి.

పోయి ఏం మాట్లాడాలి? తిట్టవద్దు. "పిల్లను ఎందుకు పంపట్లేదు" అని తల్లిని నిలదీయవద్దు, ఆమె పొద్దంతా చేనులో ఒంగి వచ్చింది. మంచినీళ్లు తాగండి, పని సంగతి అడగండి, తర్వాత పిల్లతో మాట్లాడండి. మన భాషలోనే మాట్లాడండి. జ్వరమైతే ఆశా కార్యకర్తను పిలవండి. పత్తి అయితే ఎన్ని రోజులు అని అడిగి, తేదీ చెప్పించుకుని పుస్తకంలో రాయండి. తేదీ రాసిన మాటకు బలం ఉంటుంది. బడిలో ఏదన్నా అన్నారా అని మాత్రం తప్పకుండా అడగండి, పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. మళ్లీ పోయే రోజు వెంట పోండి. పిల్లవాడు ఒంటరిగా క్లాసులోకి పోవడం వేరు, పక్కన అన్నో అక్కో నిలబడి టీచరుతో రెండు మాటలు మాట్లాడి పోవడం వేరు.

పోయిన పాఠం కూడా ఎవరో చెప్పాలి కదా. ఇంటర్, డిగ్రీ చదివే మీరున్నారు. వారానికి రెండు సాయంత్రాలు, పటేల్ ఇంటి ముందు లైటు కింద, తప్పిపోయిన లెక్కలు చెప్పండి. గోండిలో చెప్పండి, కోలామిలో చెప్పండి. 1943లో మార్లవాయిలో మొదలైన పద్ధతి అదే, మనది మనం మళ్లీ తీసుకుందాం. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ అక్షరాలు చదివేవాళ్లను తయారు చేయడం కూడా ఆ లైటు కిందే మొదలుకావచ్చు.

ఇది కుదిరే పనేనా అంటారేమో. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి చేసింది ఇంచుమించు ఇదే. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పల్లెల్లో ఆ పని చేసింది ఊరి యువకులే. ఇల్లిల్లూ తిరిగారు, పనిలో ఉన్న పిల్లలను లెక్కపెట్టారు, శిబిరాల్లో చదివించి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. ఈనాడు ఆ వయసుకు తగ్గ తరగతి అన్నది చట్టంలోనే ఉంది. బడి మానేసి రెండేళ్లయిన పన్నెండేళ్ల పిల్లను మళ్లీ మూడో తరగతిలో కూర్చోబెట్టనక్కర్లేదు. ఆమె వయసు తరగతిలో చేర్చి, విడిగా శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని, పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. ఇవి దయ కాదు, హక్కు. టీచర్లతో గొడవకు పొమ్మని మేము అనడం లేదు. చాలా బడుల్లో మీరు పోయి అడిగితే సంతోషించే టీచర్లే ఉన్నారు. పిల్లవాడు రాలేదని ఆయన ఎవరికి చెప్పాలో ఇన్నాళ్లూ తెలియలేదు. ఇకమీద మీ ఫోన్ నంబరు ఇవ్వండి.

బడి యాజమాన్య కమిటీ అని ఒకటి ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. మీ అమ్మలు అందులో పేరుకు ఉంటారు, సంతకానికి పిలుస్తారు. వాళ్ల వెనక కూర్చుని హాజరు లెక్క చదివి వినిపించండి. టీచరు ఎన్ని రోజులు వచ్చాడో ఆ లెక్క కూడా చదవండి. రెండూ ఒకే కాగితం మీద ఉండాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా. "మావ నాటే, మావ రాజ్" అని గోడల మీద రాశాం, ఊరేగింపుల్లో అన్నాం. మన ఊళ్లో మన రాజ్యం అంటే మన ఊరి బడిలో ఈ రోజు ఎవరు రాలేదో మనకు తెలియాలి కదా. ఆ లెక్క హైదరాబాద్‌లో కంప్యూటరుకు తెలిసి, గూడెంలో మనకు తెలియకపోతే అది మన రాజ్ ఎట్లా అవుతుంది?

ఇక్కడి నుంచి ఇంటికి పోయేసరికి రాత్రి అవుతుంది. పండు వెన్నెల ఉంటుంది. పోతూ పోతూ చూడండి, ఏ ఇంట్లో రేకు పెట్టె ఇంకా హాస్టల్‌కు పోకుండా మూలన ఉందో. దసరా అయి ఎన్ని రోజులైందో లెక్కపెట్టండి. మూడు దాటి ఉంటే రేపు పొద్దున ముందు ఆ ఇంటికి పోండి. వచ్చే ఏడు ఇదే పౌర్ణమికి ఇక్కడే కలుద్దాం. అప్పుడు మీ నోటు పుస్తకాలు తీసుకురండి. మీరు చదువుతారు, మేము వింటాం.

జై జంగో. జై లింగో. అందరికీ రాంరాం.